పురుగు వీపు మీద ఎవరి బిడ్డలు

శార్వరి నామ సంవత్సరం, భాద్రపద బహుళ తదియ. పొద్దుటి నుంచి ఒకటే ముసురు. ముసురంటే మనుషులకే గానీ పురుగులకు కోపం లేదు.

నువ్వుల చేను తప్ప నా అన్నవాళ్లు లేని సింగారమ్మ దగ్గరికి ఠాణేదారు భుజంగరావు గొడుగేసుకుని వచ్చాడు. పురుగును చంపకుండా వదిలితే చేను సర్కారుదని రాజాజ్ఞ. ఆమె చేలో కొన్ని పురుగులు వీపు నిండా బియ్యపు గింజల్లాంటివి మోస్తూ కూర్చున్నాయి.

"గుడ్లతో సహా పెంచుతున్నావటే ముసలీ? చేను వదులుకో."

"పురుగంటే ఇంకా పసిబిడ్డ బాబూ. రెక్కలొచ్చాకే గుడ్లు పెడుతుంది. ఉయ్యాల్లో పిల్ల బిడ్డల్ని కంటుందా?"

"మరి అవి ఎవరివి?"

"దాన్ని లోపల్నుంచి తిన్నవాళ్లవి. కుండలో వేసి బట్ట కట్టి కాపలా ఉండండి. పురుగు పిల్లలొస్తే చేను మీదే."

తొమ్మిదేళ్లుగా ఎవరూ కూర్చోని ఆమె ఇంటి అరుగు మీద అతను నాలుగు రోజులు కూర్చున్నాడు. ఆమె నాలుగు రోజులూ మాట్లాడింది. ఐదోనాడు బట్ట విప్పితే నలుసంత కందిరీగలు లేచి చేలోకి పోయాయి. అతను గొడుగు తీసుకున్నాడు.

"ఇంకో కుండ పెట్టి చూద్దామా బాబూ?" అంది సింగారమ్మ.

ఆమె పోయాక చేను, ఎన్నడూ ఆమెను చూడటానికి రాని మేనల్లుడికి వచ్చింది. అతను తెల్లగింజల పురుగులనే ముందు ఏరి కాల్చాడు. కందిరీగ ఒక్కటీ దక్కలేదు. మరుసటేడు పురుగులు తినగా అతనికి గింజ కూడా దక్కలేదు.