కట్టినవాడి మొదటి చలికాలం

ముసలి సన్యాసి ఫుంచోక్ పోయి మూడు రోజులైంది. పోయింది రోగంతో కాదు, చలితో. అదీ రిగ్జిన్ కట్టిన కొత్త ఇంట్లో.

లద్దాఖ్ కొండల మీది ఆ మఠంలో చిన్నప్పుడు రిగ్జిన్‌కి అక్షరాలు దిద్దించింది ఆయనే. పట్నం వెళ్లి ఇళ్లు కట్టే విద్య నేర్చుకొచ్చాక రిగ్జిన్‌కి మఠంలో అన్నీ వంకలే కనిపించాయి. గడ్డి కలిపిన మందపాటి మట్టిగోడలు మోటట! కింద మేకలు, పైన మనుషులు, ఒకటే కంపట! పెద్ద వయసు సన్యాసులు ఐదుగురి కోసం పట్టుబట్టి కాంక్రీటు ఇల్లు లేపాడు. ఎత్తైన కప్పు, నిలువెత్తు అద్దాలు. చూడ్డానికి పెళ్లిపందిరిలా ఉంది, ఏం లాభం? పుష్యం వచ్చేసరికి గోడలకి లోపలివైపు కూడా మంచు పేరింది.

ఇల్లు కట్టినవాడు మొదటి చలికాలం అందులో ఒక్కడే పడుకోవాలని, ఆ తర్వాతే ఇంకొకరు చేరాలని అక్కడో ఆచారం. రిగ్జిన్ నవ్వేశాడు. లెక్కలు వేసి కట్టిన ఇంటికి పరీక్షలెందుకన్నాడు.

ఇప్పుడు మఠానికి పెద్దైన గురువు నవాంగ్ లామా ముందు కూర్చుని కూడా అదే పాట.

"ఆయనకి ఎనభై ఆరేళ్లు గురువుగారూ. ఎక్కడున్నా పోయేవారే. గోడలో చిన్న బీటైనా లేదు, మీరే చూడండి. మిగిలిన నలుగురినీ అక్కడే ఉండనివ్వండి."

గురువు లేచి, మేకల కొట్టం పైనున్న రిగ్జిన్ గదికి వెళ్లాడు. కంపు కంపన్నవాడు ఇంకా అక్కడే, మేకల వెచ్చదనంలోనే పడుకుంటున్నాడు మరి! గురువు అతని పరుపు చుట్టి భుజాన వేసుకున్నాడు.

"అయ్యయ్యో, నాకివ్వండి!" అంటూ రిగ్జిన్ వెంటపడ్డాడు.

గురువు ఇవ్వలేదు. మంచులో నడిచి వెళ్లి, కొత్త ఇంట్లో ఫుంచోక్ పడుకున్న చోటే పరుపు పరిచాడు.

రిగ్జిన్ మొహం పాలిపోయింది.

"ఇక్కడా? ఇక్కడ పడుకుంటే తెల్లారేసరికి చస్తాను గురువుగారూ!"

మూలన నలుగురు ముసలివాళ్లు దుప్పట్లలోంచి తలలెత్తి చూశారు.

"నీకు ముప్ఫై ఏళ్లేగా," అన్నాడు గురువు. అని వెళ్లిపోయాడు.

రిగ్జిన్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ తర్వాత వంగి, దగ్గరున్న పెద్దాయన పరుపు చుట్టాడు. ఆయన చెయ్యి పట్టుకుని మేకల పైగదికి నడిపించాడు. అలా నాలుగుసార్లు తిరిగాడు.

తన పరుపు మాత్రం కొత్త ఇంట్లోంచి తీయలేదు.