నూనె పోలమ్మ అడిగిన ప్రశ్న

ఏరు ఇప్పటి దారి పట్టక ముందు, కాగితమనే మాట ఎవరి చెవినా పడక ముందు, రెల్లుపాడని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఒక బడి. బడి పక్కన ఒక పుస్తకాల ఇల్లు. ఆ ఇంట్లో ఒక ముసలావిడ. ఆవిడ పేరు పోలమ్మ.

పోలమ్మకు చదువు రాదు. కానీ ఆ ఇంట్లో ప్రతి పుస్తకాన్నీ ఆవిడ ఏడాదికోసారి ముట్టుకునేది. అప్పట్లో పుస్తకాలన్నీ తాటాకులే. వానాకాలం వెళ్లగానే వాటికి నిమ్మగడ్డి నూనె పట్టించాలి. లేకపోతే పురుగు తినేస్తుంది. అందుకని పోలమ్మ దారం విప్పేది. ఆకు తీసేది, తుడిచేది, నూనె రాసేది, పక్కన పెట్టేది. మళ్లీ ఆకు తీసేది, తుడిచేది, నూనె రాసేది, పక్కన పెట్టేది. నలభై ఏళ్లు అదే పని. అందరూ ఆవిణ్ణి నూనె పోలమ్మ అనేవారు.

ఆ బడికి ఒక కట్టుబాటు ఉండేది. పదహారో ఏడు వచ్చిన ప్రతి పిల్లా పిల్లవాడూ పుస్తకాల ఇంట్లోకి ఒంటరిగా వెళ్లాలి. పెద్దల నాటి పుస్తకం ఒకటి తనంతట తాను ఎంచుకోవాలి. ఇది తియ్యి, అది తియ్యి అని ఎవరూ చెప్పకూడదు. మూడు నెలలు తనంతట తాను చదువుకోవాలి. ఆ తరువాత ముగ్గురు పెద్దల ముందు నిలబడాలి. పెద్దలు మూడు ప్రశ్నలు అడుగుతారు. మొదట ఏముంది? నడుమ ఏముంది? చివర ఏముంది? చెప్పగలిగితే పైచదువు. చెప్పలేకపోతే బడి వదిలి ఇంటికి పోవాలి. వాళ్లు ఎంచుకున్న పుస్తకం కూడా ఎవరికీ పనికిరానిదని ఏట్లో వదిలేస్తారు.

కట్టుబాటు మంచిదే. దాన్ని పాడుచేసుకున్నది మనుషులే.

ఆ ఇంట్లో వందల పుస్తకాలున్నా మూడింటికే పట్టుగుడ్డ చుట్టి ఉండేది. ఒకటి పసుపు పట్టు, ఒకటి ఎర్ర పట్టు, ఒకటి నీలి పట్టు. పిల్లలందరూ ఆ మూడింట్లోనే ఒకటి తీసేవారు. వాటిలో మొదట ఏముందో, నడుమ ఏముందో, చివర ఏముందో అన్నలు తమ్ముళ్లకు చెప్పేవారు, అక్కలు చెల్లెళ్లకు చెప్పేవారు. పుస్తకం విప్పకుండానే గట్టెక్కేవారు. పెద్దలు కూడా ఒకప్పుడు అలా గట్టెక్కినవాళ్లే. వేరే పుస్తకం తీసినవాళ్లు అప్పటికి ముగ్గురు. ముగ్గురూ పెద్దల ఎదుట తడబడ్డారు. ముగ్గురూ ఇళ్లకు పోయారు. మూడు పుస్తకాలూ ఏటి పాలయ్యాయి. నాలుగోవాళ్లకు ఇక ధైర్యం ఎక్కడిది?

అలాంటి కాలంలో కుమ్మరి బోగయ్య కూతురు సూరమ్మకు పదహారో ఏడు వచ్చింది.

కుమ్మరి వీధి నుంచి ఆ బడికి వచ్చిన మొదటి పిల్ల సూరమ్మే. ఆమెకు ముందు అన్న లేడు, అక్క లేదు, జవాబులు చెప్పేవాళ్లు లేరు. తోటిపిల్లలను అడిగితే నవ్వారు. "నీకెందుకే, మట్టి తొక్కేదానికి," అన్నారు. తప్పితే కుండలు కాల్చే ఆవం దగ్గరే బతుకంతా అని సూరమ్మకు తెలుసు. ఆమెకు ఆవమంటే చిన్నచూపు లేదు. చదువంటే ప్రాణం, అంతే.

పొద్దున్నే పుస్తకాల ఇంట్లోకి వెళ్లింది. గుమ్మం నీడ ఎదుటి గోడ వదిలేలోగా పుస్తకంతో బయటికి రావాలి. పోలమ్మ ఒక మూల కూర్చుని నూనె రాస్తోంది.

"అవ్వా, ఏది తియ్యమంటావు?" అంది సూరమ్మ.

"చెప్పకూడదమ్మా. చెబుదామన్నా నాకు చదువు రాదు. ఏది మంచిదో నాకేం తెలుసు?"

"మరి నలభై ఏళ్లుగా వీటి మధ్యే ఉన్నావు కదా."

పోలమ్మ చేతిలో ఆకు తుడిచి పక్కన పెట్టింది. "ఒక్కటి తెలుసు. చదివే మనిషి ఆకు తిప్పినప్పుడల్లా అంచు బొటనవేలికి తగులుతుంది. వందమంది తిప్పితే అంచు అరుగుతుంది. ఏ పుస్తకం ఎంతవరకు చదివారో నా వేలికి తెలుస్తుంది. నీకూ వేళ్లున్నాయి. చూసుకో."

సూరమ్మ పసుపు పట్టు విప్పింది. మొదటి పది ఆకులు అరిగి ఉన్నాయి. ఆ తరువాత అంచులు కత్తిలా ఉన్నాయి. ఎర్ర పట్టు విప్పింది. మొదటి ఐదే అరిగాయి. నీలి పట్టు విప్పింది. మొదటిది కూడా అరగలేదు.

నీడ గోడ మీద సగం దిగిపోయింది. పట్టు పుస్తకాలు వదిలేసి మిగతా అరల దగ్గరికి వెళ్లింది. కట్ట తర్వాత కట్ట తడిమింది. ఒకటి నడుమ దాకా అరిగింది. ఒకటి మూడొంతుల దాకా అరిగింది. నీడ గోడ వదలబోతుండగా కింది అరలో ఒక చిన్న కట్ట చేతికి తగిలింది. గుడ్డ లేదు. దారం పాతది. ముప్పై రెండు ఆకులు. మొదటి ఆకు ఎంత అరిగిందో చివరి ఆకూ అంతే అరిగింది. ఎప్పటి మనుషులో, ఎవరి వేళ్లో.

అంకెలు వేసిన ఎడమ అంచును మాత్రం పురుగు పూర్తిగా తినేసింది. ఏ ఆకు ఎన్నోదో చెప్పే గుర్తు లేదు. సూరమ్మ అది పట్టించుకోలేదు. కట్ట తీసుకుని బయటికి వచ్చింది.

బయట నిలబడ్డ పిల్లలు ఆ కట్టను చూసి చప్పబడిపోయారు. ఒక్కరూ నవ్వలేదు. ఆమె పని అయిపోయిందని వాళ్లకు అర్థమైంది.

మూడు నెలలు సూరమ్మ ఆ పుస్తకం చదివింది. ఒకసారి చదివితే అర్థం కాలేదు. రెండోసారి కొంత అర్థమైంది. మూడోసారి చదువుతుంటే సారె మీద కుండ వంకరపోయినా చూసుకోలేదు. బోగయ్య కసరలేదు. ఆ కుండ తనే తీసి మళ్లీ మట్టిలో కలిపేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. బడి అరుగు మీద ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన బడి అయ్యవారు భావన్న. ఊరంతా కింద నిలబడింది. పోలమ్మ పుస్తకాల ఇంటి గుమ్మంలో కూర్చుంది.

భావన్న ఆ కట్టను చూసి మొహం చిట్లించాడు. "పట్టు పుస్తకాలు మూడుండగా ఈ మసిగుడ్డ లాంటిది ఎందుకు తీశావు?"

"ఇది చివరిదాకా చదివిన పుస్తకమండి."

"ఎవరు చదివారు?"

"తెలియదండి. మీకు ముందువాళ్లు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. భావన్నకు కోపం వచ్చింది. మొదట ఏముందో తనే చూసి అడుగుదామని కట్టను లాక్కున్నాడు. పట్టు పుస్తకాలను ఆయనకు ఎప్పుడూ ఎవరో విప్పి చేతికిచ్చేవారు. దారం ముడి విప్పడం ఆయనకు అలవాటు లేదు. గట్టిగా లాగాడు. పాత దారం తెగింది. ముప్పై రెండు ఆకులు అరుగు మీది నుంచి జారి, గాలికి లేచి, జనం కాళ్ల మధ్య పడ్డాయి.

ఎవరూ కదల్లేదు. పోలమ్మ ఒక్కతే లేచి వచ్చి, వంగి, ఒక్కో ఆకూ ఏరి అరుగు మీద పెట్టింది.

అంకెలు లేవు. ఏది మొదలో, ఏది నడుమో, ఏది చివరో ఎవరూ చెప్పలేరు. ఒక్కో ఆకు మీద ఒక్కో ఘట్టం. ఏది దేని పక్కన పెట్టినా ఏదో ఒక కథ అవుతుంది.

"ఇక ఇది పుస్తకం కాదు," అన్నాడు భావన్న. "ఏట్లో వదలండి. నువ్వు ఇంటికి పో."

సూరమ్మ కదలకుండా నిలబడింది. "నేను పేరుస్తానండి."

"నువ్వు ఎలా పేర్చినా అదే సరైనదంటావు. కాదని చెప్పడానికి ఇక్కడ ఈ పుస్తకం చదివినవాడు ఒక్కడూ లేడు." ఆ మాట అన్నాక ఆయనకే ఎక్కడో గుచ్చుకుంది. కానీ వెనక్కి తీసుకోలేదు.

"నేనూ పేరుస్తానయ్యా," అంది పోలమ్మ.

జనం నవ్వారు. రెండో పెద్ద కూడా నవ్వాడు. "నీకు అక్షరం రాదు కదే."

"రాదయ్యా. ఈ కట్టను నలభై సార్లు విప్పాను, నలభై సార్లు కట్టాను. పిల్ల పేర్చాక మీరు రాసుకోండి. మళ్లీ కలిపేసి నాకివ్వండి. నేను పేర్చింది దానితో పోల్చి చూడండి."

మూడో పెద్ద బాగా ముసలివాడు, ఎప్పుడూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆయన ఒక కొత్త తాటాకు, గంటం చేతికి తీసుకుని, "కానివ్వండి," అన్నాడు.

పోలమ్మను లోపలికి పంపారు. సూరమ్మ ఒక్కో ఆకూ చదివి పేర్చింది. మూడో పెద్ద ప్రతి ఆకు మొదటి మాటనూ వరసగా రాసుకున్నాడు. తరువాత ఆకులన్నీ కలిపేశారు. సూరమ్మను లోపలికి పంపి పోలమ్మను పిలిచారు. పోలమ్మ కళ్లు మూసుకుంది. ఆకు తీసింది, తడిమింది, పక్కన పెట్టింది. ఆకు తీసింది, తడిమింది, పక్కన పెట్టింది. గాలి ఆగినట్టు జనం నిలబడ్డారు.

ఇద్దరినీ బయట నిలబెట్టి మూడో పెద్ద పోల్చడం మొదలుపెట్టాడు. మొదటి ఆకు కలిసింది. రెండోది కలిసింది. పదోది కలిసింది. పంతొమ్మిదోది కలిసింది. జనంలో గుసగుసలు లేచాయి. కుమ్మరి బోగయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఇరవయ్యోది కలవలేదు.

పోలమ్మ ఇరవయ్యోదిగా పెట్టిన ఆకును సూరమ్మ ఇరవై నాలుగోదిగా పెట్టింది. మిగతావన్నీ అదే వరసలో ఉన్నాయి. ఆ ఒక్క ఆకే తప్పింది.

"అయిపోయింది," అన్నాడు భావన్న. "ఒకరు తప్పారు. పోలమ్మా, నువ్వా?"

"నేను కాదయ్యా." పోలమ్మ కొబ్బరి ఈనె ఒకటి తీసింది. "ఈ కట్టను ఒక పురుగు తొలిచింది. మొదటి ఆకున కుడి పక్క మొదలుపెట్టి ఏటవాలుగా చివరి ఆకు దాకా పోయింది. చూడండి." తన వరసలో ఉన్న కట్టను దగ్గరగా పట్టుకుని ఆ బెజ్జంలో ఈనె దూర్చింది. ఈనె ఈ కొస నుంచి ఆ కొసకు సాఫీగా వచ్చింది. ఇరవయ్యో ఆకును తీసి సూరమ్మ పెట్టిన చోట పెట్టింది. ఈనె నడుమ ఆగిపోయింది.

"అయితే పిల్లే తప్పింది," అన్నాడు రెండో పెద్ద. "తప్పినవాళ్లు పోవాలి. కట్టుబాటు."

సూరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పోలమ్మ ఆమె వైపు తిరిగి, మెల్లగా, బిడ్డకు దెబ్బ ఎక్కడ తగిలిందో అడిగినట్టు అడిగింది.

"ఎక్కడ తప్పావు తల్లీ?"

సూరమ్మ ఆకులు తీసుకుంది. పోలమ్మ వరసలో ఇరవయ్యోది చదివింది, దాని వెనక వచ్చే నాలుగూ చదివింది. మళ్లీ చదివింది. తరువాత చెప్పింది.

"ఇందులో అన్నదమ్ములు ఇద్దరున్నారు. తమ్ముడు పగబట్టి గట్టు తెంచి అన్న చేను ముంచేస్తాడు. అన్న ఇంటిల్లిపాదీ పస్తులుంటారు. ఒక ఆకులో తమ్ముడు అన్న కాళ్ల మీద పడి ఏడుస్తాడు. ఇంకో ఆకులో అన్న తమ్ముడికి అన్నం పెడతాడు. ముందు ఏడ్చాడని, తరువాత అన్న మనసు కరిగి అన్నం పెట్టాడని నేను అనుకున్నాను. నా బుద్ధికి అదే వరస అనిపించింది. కానీ పుస్తకంలో అలా లేదు. అన్న ముందే అన్నం పెట్టాడు. తమ్ముడు ఒక్క మాట అనకముందే, ఉన్న పిడికెడూ తెచ్చి పెట్టాడు. ఆ అన్నం నోట్లో పెట్టుకున్నాకే తమ్ముడికి ఏడుపొచ్చింది. మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నా కళ్ల ముందున్నదాన్ని వదిలేసి, నాకు తెలిసినదాన్నే చదువుకున్నాను. నేను తప్పానండి."

"ఒప్పుకుంది కదా," అని భావన్న నోరు తెరిచాడు. పోలమ్మ అడ్డుపడింది. ఆవిడ ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదటిసారి.

"అయ్యా, ఈ పిల్ల పురుగు దారి చూసి పేర్చి ఉంటే తప్పేది కాదు. ఎవరో చెప్పింది విని పేర్చి ఉన్నా తప్పేది కాదు. నేను చదవలేదు కాబట్టి తప్పలేదు. తను చదివింది కాబట్టి తప్పింది."

మూడో పెద్ద గంటం కింద పెట్టాడు. "ముప్పై ఏళ్లుగా ఈ అరుగు మీద కూర్చుంటున్నాను," అన్నాడు. "ఎంతమందిని గట్టెక్కించామో. పట్టు పుస్తకం తెచ్చినవాడు ఒక్కడూ ఎక్కడా తప్పలేదు. నేనూ తప్పలేదు. భావన్నా, నువ్వూ తప్పలేదు."

భావన్న తల దించుకున్నాడు. ఆకులన్నీ తనే సర్దాడు, పోలమ్మ వరసలోనే. "ఏటికి కాదు," అన్నాడు. "పిల్లను పైచదువుకు పంపండి." గొంతు తగ్గించి, "పోలమ్మా, ఈ కట్ట కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకోవచ్చా?" అని అడిగాడు.

"ఉంచుకోండయ్యా. అందరికీ ఉన్న గడువే మీకూ, మూడు నెలలు."

జనం నవ్వారు. ఈసారి పోలమ్మను చూసి కాదు.

ఆ తరువాత మూడు వానాకాలాలు బతికింది పోలమ్మ. మూడోది వెళ్లాక, సగం నూనె పట్టించిన ఆకు ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని కన్నుమూసింది. ఆవిడకు కట్టిన గుడి లేదు. ఆవిడ పేరున రాసిన పుస్తకం లేదు. పేరు రాసుకునే చదువూ ఆవిడకు లేదు.

కానీ ఆ ఏటి పొడవునా ఉన్న ఊళ్లలో, పదహారో ఏట పిల్లలు పెద్దల నాటి పుస్తకం ఎంచుకుని చదివి వస్తే, మొదట ఏముంది, నడుమ ఏముంది, చివర ఏముంది అని ఈనాటికీ ఎవరూ అడగరు. పోలమ్మ అడిగిందే అడుగుతారు. ఎక్కడ తప్పావు, అంటారు. ఇక్కడ ఇలా అనుకున్నాను, తీరా చూస్తే ఇలా ఉంది అని పిల్లలు చెబితే, దగ్గరికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు.

ఎక్కడా తప్పలేదని ఎవరైనా అంటే మాత్రం పుస్తకం తిరిగి చేతిలో పెడతారు. "పోలమ్మ ఒప్పుకోదు," అంటారు. "పో, మళ్లీ చదువు."