శిఖరంగారికంటే ఎత్తు

ఒకప్పుడు దక్షిణ సముద్రంలో గాజుల్లాంటి దీవులు లేవు. చుట్టూ సన్నటి నేల, నడుమ నిలకడ నీళ్లు ఉంటాయే, అలాంటిది ఒక్కటీ లేదు. అప్పట్లో దీవి అంటే కొండే. నిప్పు కక్కుతూ సముద్రం అడుగునుంచి లేచిన కొండ. దాని ఒడిలో ఊళ్లు. దాని కాళ్లచుట్టూ, నీళ్లలో, పగడపు పురుగులు.

అలాంటి ఒక దీవిలో లూపే అనే ఆమె చేమదుంపలు పండించుకుని బతికేది. ఎవరికీ చెప్పని మాట ఒకటి ఆమె కడుపులో ఉండేది. మొగుడికి చెప్పలేదు. అత్తకి చెప్పలేదు. చేలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు.

ఆ మాట ఇదీ: కొండ మునిగిపోతోంది.

ఆమె చేమగుంటలోకి ఉప్పునీళ్లు వచ్చాయి. ఆకుల అంచులు మాడాయి. గుంటను ఇంకాస్త పైకి మార్చుకుంది. అక్కడికీ వచ్చాయి. నేలకి చెవి ఆనిస్తే ఇదివరకు కొండ పొట్టలో నిప్పు గుర్రుమనేది. ఇప్పుడు చప్పుడు లేదు. నిప్పు చల్లారిన కొండ, గాలి పోయిన కొలిమితిత్తిలా, మెల్లగా కిందికి జారుతోంది.

మరి చెప్పొచ్చు కదా అంటారా? అది మామూలు కొండ కాదు. పేరు శిఖరంగారు. "గారు" మరిచిపోయినవాళ్లమీదికి రాళ్లు దొర్లించేవారు.

ఆ దీవిలో ఒక మర్యాద ఉంది. పెద్దవాళ్లు కూర్చుని ఉంటే, వాళ్ల తలకంటే ఎవరి తలా ఎత్తున ఉండకూడదు. తాత చాపమీద కూర్చుంటే మనవలు వంగి నడుస్తారు. మంచి మర్యాదే. శిఖరంగారు దాన్ని పట్టుకుని ఇంకొంచెం సాగదీశారు. నా తలకీ మీ తలలకీ మధ్య మొదట్లో ఎంత దూరముందో ఎప్పటికీ అంతే ఉండాలన్నారు.

నీళ్లు తరుముతుంటే ఊళ్లు పైపైకి జరిగాయి. జరిగినకొద్దీ జనం తలలు శిఖరంగారి తలకి దగ్గరయ్యాయి. ఆయనకి కోపం వచ్చింది. ముందు ఇళ్ల కప్పులు దించమన్నారు. దించారు. తర్వాత కొబ్బరిచెట్లని పిలిచి చివాట్లు పెట్టారు. అవి బెదిరిపోయి సముద్రం వైపు నడుం వంచాయి, ఆ నడుములు మళ్లీ లేవలేదు. ఆ తర్వాత మనుషులు. మొదట వంగి నడిచారు. తర్వాత గొంతుక్కూర్చుని నడిచారు. చివరికి పొట్టమీద పాకారు.

శిఖరంగారి మాటలు ఊరికి చాటడానికి ఒక పక్షి ఉండేది. గొంతు కింద ఎర్రటి సంచి ఉబ్బించుకుని తిరిగేది కాబట్టి అందరూ దాన్ని ఉబ్బుగొంతు అనేవారు. నీళ్లు ఎందుకు పెరుగుతున్నాయని ఎవరో అడిగారు. పెరగడం కాదు, సముద్రం భక్తితో అయ్యగారి పాదాలు కడుగుతోందని అది చాటింది. మరుసటేడు మోకాళ్లు కడుగుతోందంది. ఆపై ఏడు నడుముదాకా అభిషేకమంది. జనం పాకుతూనే చేతులు జోడించారు. పాకుతూ చేతులు జోడించడం ఎంత కష్టమో మీరూ ఒకసారి చేసి చూడండి.

ఒక్క పగడపు పురుగులే వంగలేదు. వాటికి వంగడం తెలీదు. ఎండ అందే నీళ్లలో ఉంటే బతుకుతాయి, చీకటి లోతుల్లోకి పోతే చస్తాయి. కాళ్లకింది కొండ జారుతుంటే, పోయినవాళ్ల ఎముకలమీద ఉన్నవాళ్లు కట్టుకుంటూ, దీవి చుట్టూ గోడలా పైకి వచ్చాయి.

ఒకరోజు శిఖరంగారు చూసుకుంటే ఆ గోడ ఆయన భుజం దాకా ఉంది. పోటు తగ్గిన వేళ ఊరంతా వెళ్లి పగడాన్ని పగలగొట్టాలని ఉబ్బుగొంతు చాటింది. రాని ఇంటిమీదికి రాళ్లొస్తాయని కూడా చెప్పింది.

అందరూ నోట రాయి కరుచుకుని, గోడదాకా పాక్కుంటూ వెళ్లారు. లూపే వీపుకి చంటి కూతురు కట్టి ఉంది. ఆమె రాయి చేతిలోకి తీసుకునేసరికి ఎదురుగా ఒక ముసలి పగడమ్మ.

"ఎందుకు పిన్నీ, ఇంత పైకొచ్చావు?" అంది లూపే.

"నేనెక్కడికొచ్చానే? ఎండ ఎక్కడుందో అక్కడే ఉన్నాను. దిగేది మీ అయ్యగారు. మా అమ్మ ఎముకలమీద నేను కట్టాను, నా మీద నా కూతురు కడుతుంది. మాకు వేరే విద్య రాదు."

"కొట్టకపోతే మా ఇంటిమీద రాళ్లు పడతాయి."

"అయితే కొట్టు తల్లీ. కొట్టాక ఆ పిల్లనెక్కడ దింపుతావో, అదీ చూసుకుని కొట్టు."

లూపే వెనక్కి తిరిగి చూసింది. శిఖరంగారు అప్పటికి ఒక పెద్ద గుడిసె అంత మిగిలారు. చుట్టూ నీళ్లు. పిల్లని దింపడానికి ఈ గోడ తప్ప ఏమీ లేదు.

రాయి వదిలేసింది.

"శిఖరంగారు మునిగిపోతున్నారు" అంది, అందరికీ వినపడేలా.

 ఆమె మొగుడు తల దించుకుని, తనకి తెలుసన్నాడు. పక్కింటాయనకీ తెలుసట. చేపలు పట్టేవాళ్లకి ఎప్పుడో తెలుసట. పొట్టమీదనుంచి లేవకుండానే అత్త మూతి విరిచింది.

"మీ పెళ్లికి ముందునుంచీ తెలుసు. మర్యాద కాదని ఊరుకున్నా."

లూపే లేచి నిలబడింది. మోకాళ్లు పటపటమన్నాయి. నడుం నిటారు కావడానికి చాలాసేపు పట్టింది. ఆమె తల శిఖరంగారి తలకంటే ఎత్తుకి వెళ్లింది. రాళ్లు దొర్లిద్దామని శిఖరంగారు వెతుక్కున్నారు. ఉన్నవన్నీ ఇదివరకే దొర్లించేశారు.

అది చూసి ఒక్కొక్కళ్లూ లేచారు. బుట్టలు తెచ్చి, కొండమీద మిగిలిన మట్టి ఎత్తి, పగడపు గోడమీద పోశారు. చేమపిలకలు నాటారు. కొబ్బరికాయలు పాతారు. ఈ పనంతా జరుగుతున్నంతసేపూ శిఖరంగారు, కూర్చోండి, అందరూ కూర్చోండి, అని అరుస్తూనే ఉన్నారు. నీళ్లు గడ్డం దాటాయి. ఆఖరి ఆజ్ఞ బుడగలుగా వచ్చింది, ఎవరికీ అర్థం కాలేదు.

ఉబ్బుగొంతుకి వాలడానికి కొండ లేకుండా పోయింది. నీళ్లమీద వాలదామంటే, ఇన్నాళ్లూ అవి పెరగలేదని చాటిన నోరాయె. సిగ్గుపడి గాలిలోనే తిరుగుతోంది. ఆకలేస్తే వేరే పక్షుల నోటి చేపలు లాక్కుంటోంది.

అంతా సర్దుకున్నాక లూపేకి ఆకాశం అంచున, మబ్బుకింద, పక్కదీవి కనపడింది. అక్కడా ఒక కొండ ఉంది. అది ఇదివరకంత పొడుగు లేదు. ఊరివాళ్లు మనకెందుకన్నారు. తనూ ఇన్నేళ్లు అదే అనుకుంది. ఇక పిలవాల్సిందేననుకుని, శంఖం తీసుకుని, పగడపు గోడ చివరకంటా నడిచి, గట్టిగా ఊదింది. మీ కొండ ఎలా ఉందక్కా అని ఆ శంఖం అడిగింది.

చాలాసేపటికి అవతలి శంఖం పలికింది.

"మా కొండగారికేం, దివ్యంగా ఉన్నారు. ఇవాళే మమ్మల్ని పొట్టమీద పాకమన్నారు."

లూపే ఊపిరి నిండా తీసుకుని మళ్లీ ఊదింది. ఆ తర్వాత ఒక్కో దీవిలో ఒక్కొక్కరు లేచి, ఆ పక్కదీవిని పిలిచారు.

అప్పటినుంచే దక్షిణ సముద్రం నిండా గాజుల్లాంటి దీవులు, నడుమ నీళ్లు. ఆ నీళ్ల అడుగున ఒక్కో శిఖరంగారు ఇంకా కూర్చునే ఉన్నారు. పైన పడవలవాళ్లు తెడ్డు వేయడానికి వంగినప్పుడల్లా, తనకే దణ్ణం పెడుతున్నారనుకుంటూ.