విప్పిన జాయింటు

గవర్రాజుకి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

భీమవరంలో డాక్టరుగారి కొత్తింట్లో ఏడు గదులకీ స్పీకర్లు బిగించింది వాళ్ళ షాపే. ఆరు గదుల్లో పాట పాటలాగే వస్తోంది. హాల్లో మాత్రం దానికి ఒంట్లో ఓపిక లేనట్టుంది. ఎదురెదురు గోడల మీద రెండు స్పీకర్లు, రెండూ మోగుతున్నాయి. మధ్యన నిలబడితే మృదంగం ఎటో పోతోంది.

"పాడుతున్నాడు నాయనా, కాదనను," అంది డాక్టరుగారి తల్లి మాణిక్యమ్మగారు. "కానీ ఉపవాసమున్నవాడు పాడుతున్నట్టుంది."

ఇన్ని నెలలూ సర్దుకుపోయి, మూడు రోజుల కిందట షాపుకి కబురు పంపింది ఆవిడే. గవర్రాజు ఆంప్లిఫయరు మార్చాడు. స్పీకర్లు మార్చాడు. తీగల రెండు చివర్లూ చూశాడు. ఎర్ర గీత ఉన్నది ప్లస్సుకే ఉంది, లేనిది మైనస్సుకే ఉంది. ఇంకేం చూడాలో తెలియక ఖాసిం మేస్త్రికి ఫోను చేశాడు.

ఆ షాపు యజమానీ ఆయనే, గవర్రాజుకి పని నేర్పిన గురువూ ఆయనే. మోకాళ్ళు అరిగిపోయి పనికి రావడం మానేశాడు గానీ, పిలిస్తే ఇంట్లో కూర్చోలేడు, అదొక జబ్బు ఆయనకి. ఆటోలో వచ్చి దిగాడు.

"ఇది ఇస్సాకు చేసిన నిర్వాకమే మేస్త్రీ," అన్నాడు గవర్రాజు గుమ్మంలోనే. "గృహప్రవేశం రోజే చెప్పాను."

చెప్పాడు, నిజమే. మామూలుగా చెప్పాడా? ఎనిమిది నెలల కిందట, చుట్టాలంతా విస్తళ్ళ ముందు కూర్చున్న వేళ, హాల్లో పాట పేలవంగా మొదలయ్యేసరికి, "కళ్ళు నెత్తిమీద పెట్టుకుని కలుపుతావేంట్రా తీగలు!" అని అందరి ముందూ అరిచాడు. అదే షాపులో తనతో పాటు పని నేర్చుకున్న ఇస్సాకు, "హాలు తీగలు నేను కలపలేదన్నా," అని ఒక్క మాటన్నాడు. అక్కడే విస్తరి ముందున్న మేస్త్రి ఏమీ అనలేదు. ఇస్సాకు చేతిలోని టేపు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు నర్సాపురంలో రొయ్యల షెడ్డులో ఐసు కొడుతున్నాడట.

మేస్త్రి టీవీ రిమోట్లోంచి ఒక బ్యాటరీ తీశాడు. స్పీకర్ల ముందున్న జాలీలు ఊడదీయించాడు. ఆంప్లిఫయరు దగ్గర తీగలు విడదీసి ఒక జతకి బ్యాటరీ తాకించాడు. టప్పుమంది. ఆ స్పీకరు నడిమి అట్ట ముందుకి ఉబికింది. రెండో జతకి తాకించాడు. ఈసారి అట్ట వెనక్కి పోయింది.

"ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగేస్తోంది," అన్నాడు. "మధ్యలో ఎక్కడో తారుమారయ్యాయి. పైకెక్కు."

గవర్రాజు నిచ్చెనెక్కి, లైటు తీసిన కన్నంలోంచి ఫాల్స్ సీలింగు లోపలికి చెయ్యి పెట్టాడు. తడిమితే దొరికింది, టేపు చుట్టిన జాయింటు. సీలింగు లోపల జాయింటు వెయ్యకూడదని ఆ షాపులో కట్టుబాటు. ఎవరో తీగ చాలక అతికేశారు.

"ఇదిగో, నేను చెప్పలే! కటింగ్ ప్లేయరు అందించండి మేస్త్రీ, తెంపేస్తాను."

"తెంపకు. చేత్తో విప్పు."

"చేత్తోనా? అరగంట పడుతుంది."

"పడనీ."

గవర్రాజుది ఎడమచేతి వాటం. తీగలు మెలిపెడితే అందరిదీ ఒక పక్కకి తిరుగుతుంది, అతనిది రెండో పక్కకి. షాపులో ఎవరి జాయింటు విప్పబోయినా అతని చేతిలో ముందు ఇంకా బిగుసుకునేది. "విప్పమంటే బిగిస్తావేంటన్నా, నువ్వు దొంగతనానికి కూడా పనికిరావు," అని ఇస్సాకు పడీపడీ నవ్వేవాడు.

టేపు ఊడింది. గవర్రాజు జాయింటు పట్టుకుని తిప్పాడు.

అది బిగుసుకోలేదు. ఒక్కో మెలికా, అడిగినట్టే, వేళ్ళలోకి విడిపోయి వచ్చేసింది.

నిచ్చెన మీద అతను కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది. కింద నుంచి పెయింటర్లు తొందరపెట్టడం, మూరెడు తీగ తక్కువ రావడం, ఎవరూ చూడకుండా తను అతికెయ్యడం.

"దొరికిందా నాయనా?" మాణిక్యమ్మగారు అడిగింది. "ఆ వెళ్ళిపోయిన అబ్బాయి పనేనా?"

మేస్త్రి తలెత్తి చూడలేదు.

"కాదమ్మగారూ," అన్నాడు గవర్రాజు. "నాదే."

తీగలు సరిగ్గా కలిపాక పాట నిండుగా వచ్చింది. మాణిక్యమ్మగారు కుర్చీలో కూర్చుని తొడ మీద తాళం వేస్తోంది. గవర్రాజు అక్కడ నిలబడలేక బయటికొచ్చేశాడు. మేస్త్రి మెట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు.

"మీరైనా ఆ రోజు ఈ బ్యాటరీ పెట్టి చూడాల్సింది మేస్త్రీ," అన్నాడు గవర్రాజు.

మేస్త్రి చేయి మోకాలి మీద ఆగిపోయింది.

"చూడాల్సింది. నువ్వు గట్టిగా అన్నావు, వాడు మెల్లగా అన్నాడు. నలభై ఏళ్ళు ఈ చెవులతో అన్నం తిన్నవాణ్ణిరా నేను. గట్టిగా వినపడ్డదాన్నే నమ్మాను."

గవర్రాజు ఆ పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు.

"లే, ఆటో పిలువు," అన్నాడు మేస్త్రి. "నర్సాపురం పోదాం. అక్కడ ముందు నేను మాట్లాడతాను. నువ్వు నా తర్వాత."