మిరపకల్లంలో సన్యాసం

మా విమలబోధ స్వామివారికి ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు, లేదంటే వంటింటికి ఏదో ఒక కబురు పెడతారు. జవాబు ఆ తరువాత దానంతట అదే వస్తుంది. వచ్చాక, అసలెందుకు అడిగామా అనిపిస్తుంది. కోటిలింగం విషయంలోనూ అదే జరిగింది.

కోటిలింగం నరసరావుపేటలో జంతుశాస్త్రం లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. నాలుగు రోజులు ఉండి పోదామని మా ఆశ్రమానికి వచ్చి, నెలలు గడిచినా కదల్లేదు. కారణం మా మధ్యాహ్నపు ధ్యానం. భోజనం చేసి కళ్ళు మూసుకుంటే మాబోటివాళ్ళకు కునుకు పడుతుంది, దాచడమెందుకు. అతనికి మాత్రం ఒళ్ళంతా తేలికై, చెమటలు పట్టి, కళ్ళ వెంట నీళ్ళు కారి, లోపలి నుంచి ఏదో హాయి పొంగుకొచ్చేది. ఆ ముఖం చూసి మాకు భక్తి కలిగేది, కొంచెం అసూయ కూడా కలిగేది.

మా వంట పేరిందేవమ్మగారిది. ఆవిడ నూరిన పండుమిరప పచ్చడి తిన్న కొత్తవాళ్ళు ముద్దకో గ్లాసు నీళ్ళు తాగుతారు. కోటిలింగం కూడా మొదట్లో అంతే. రాను రాను అన్నంలో నెయ్యి మానేశాడు. తరువాత పప్పు మానేశాడు. చివరికి కూర వంక కూడా చూడకుండా విస్తట్లో అన్నమంతా ఎర్రగా పచ్చడితోనే కలుపుకునే స్థితికి వచ్చాడు. రుచుల మీద మోజు చచ్చిపోయిందన్నాడు. మేం నమ్మాం.

ఒకనాడు ధ్యానం అయ్యాక స్వామివారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“స్వామీ, సారా వ్యసనం, గంజాయి వ్యసనం. అవి బయటి సరుకులు. నాలోనే పుట్టి నాలోనే పొంగే ఆనందం నన్ను కట్టెయ్యలేదు కదా? నాకిక సన్యాసం ఇప్పించండి.”

“నువ్వు పిల్లలకు చెప్పిన పాఠాల్లో ఈ ఆనందం సంగతి ఎక్కడా లేదా?” అన్నారు స్వామివారు.

పాఠం మాట వినగానే కోటిలింగానికి హుషారొచ్చింది. “లేకేం స్వామీ! దెబ్బ తగిలినా, నోరు మండినా, రొప్పొచ్చేదాకా పరిగెత్తినా మెదడు తన మందు తనే తయారుచేసుకుంటుంది. ఎండార్ఫిన్లంటారు. నల్లమందు లాగే నొప్పిని అణిచి హాయినిస్తాయి. ఆ హాయి మరిగినవాడు మళ్ళీ మళ్ళీ అదే వెతుక్కుంటాడు, మోతాదు పెంచుకుంటూ పోతాడు. అదంతా ఒంటి గొడవ. నాది ఆత్మానందం.”

ఇదంతా చెబుతున్నంతసేపూ అతని మూతికి పచ్చడి అంటుకునే ఉంది.

“బాగా చెప్పావు. సన్యాసానికి ఇల్లాలు ఒప్పుకోవాలి. నాగేంద్రమ్మను రమ్మని కబురు చెయ్యి,” అన్నారు స్వామివారు. తరువాత వంటింటి వైపు తిరిగి, “పేరిందేవమ్మా, ఆమె వచ్చేదాకా వంటింట్లో మిరపకాయ కనబడకూడదు,” అన్నారు.

ఇక చూడండి మా అవస్థ. సొరకాయ కూర, పెసరకట్టు, మళ్ళీ సొరకాయ. మాకు నాలుకే చచ్చింది. కోటిలింగానికి ఆత్మే చచ్చినట్టుంది. ధ్యానంలో కన్నీళ్ళు లేవు, హాయి లేదు. ఈగ వాలితే ఈగను తిట్టాడు. గంట మోగితే గంట కొట్టినవాణ్ణి తిట్టాడు. “చప్పిడి తిండితో తమోగుణం పెరుగుతోంది స్వామీ,” అని మొరపెట్టుకున్నాడు. స్వామివారు “ఊఁ” అన్నారు. రెండోసారి మొరపెట్టుకున్నా అదే “ఊఁ”. అప్పుడతను, ఇక్కడ గురకలు ఎక్కువగా ఉన్నాయి, ధ్యానానికి ఏకాంతంగా పొలాల వైపు వెళతానన్నాడు. వెళ్ళమన్నారు. ఆ సాయంత్రమే ముఖం మళ్ళీ కళకళలాడుతూ తిరిగొచ్చాడు. ఏకాంతం మహిమ అనుకున్నాం. మా తెలివి అంతవరకే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నాగేంద్రమ్మ వచ్చింది. స్వామివారిని నాలుగు మాటలతో కడిగెయ్యాలనే ఊళ్ళో బయలుదేరిందట. కానీ లోపలికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. వచ్చి మెల్లగా చాప మీద కూలబడింది.

“ఆయన్ని నేను ఆపనండీ,” అంది. “ఆటో దిగి అడ్డదారిన వస్తుంటే పక్క రైతు మిరపకల్లంలో కనబడ్డారు. ఎండబోసిన కాయల మధ్య పద్మాసనం వేసుక్కూర్చున్నారు. నెత్తిన ఎండ మాడుతోంది. కళ్ళమ్మట ధారగా నీళ్ళు, పెదాలు వాచిపోయున్నాయి, అయినా నవ్వు! మా పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూళ్ళేదండీ. పిలిస్తే పలకలేదు. అంత ఎత్తుకెళ్ళిన మనిషిని పట్టుకుని పాలపాకెట్టు తెమ్మని ఎట్టా అడిగేది? ఇచ్చెయ్యండి సన్యాసం. నా బతుకేదో నేను బతుకుతా.”

కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ క్షణాన కోటిలింగం ఎదురుగా ఉంటే నేనే కొట్టేవాణ్ణి.

స్వామివారు చెప్పులేసుకుని కల్లం వైపు నడిచారు. వెనక నాగేంద్రమ్మ, ఆమె వెనక మేమందరం. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మనిషి కదలడం లేదు. ముఖం వెలిగిపోతోంది. ఎర్రటి పరుపులో అతని చెయ్యి అందేంత మేర మాత్రం నేల కనబడుతోంది.

“కోటిలింగం, గుప్పిలి విప్పు.”

విప్పలేదు.

“విప్పు నాయనా.”

విప్పాడు. గుప్పిలి నిండా తొడిమలు.

“ఆత్మానందానికి తొడిమలుంటాయా?” అన్నారు స్వామివారు.

కోటిలింగం ఏదో చెప్పబోయాడు గాని, నోట్లోంచి “స్స్... హా...” అని తప్ప మరో మాట రాలేదు. నాగేంద్రమ్మ ఆ తొడిమల వంక చూసింది, మొగుడి మూతి వంక చూసింది. ఆవిడ కన్నీళ్ళు అక్కడికక్కడే ఇంకిపోయాయి.

“పులుసులో ఒక్క పచ్చిమిరపకాయ తగిలితే కంచం తోసి లేచేవారు గదండీ! నా చేతి కూరేమో కారం, కల్లంలో కాయలు తియ్యనా? దీనికోసమా నన్ను బస్సెక్కించి రప్పించి, ఒప్పుకో ఒప్పుకో అని పోరింది?”

మాలో ఎవరో పరుగున పోయి చెంబుడు మజ్జిగ తెచ్చారు. అతను దాన్ని ఎత్తిన చెంబు దించకుండా తాగాడు. తొడిమలు దులుపుకుని లేచి, తల దించుకుని, పసివాడిలా అడిగాడు. “స్వామీ, మరి నాలో పొంగిందంతా అబద్ధమేనా?”

“అబద్ధమెందుకవుతుంది? పాఠం నువ్వే చెప్పావుగా,” అని స్వామివారు వెనక్కి తిరిగారు. నాలుగడుగులు వేసి ఆగారు. నాగేంద్రమ్మ వంక ఒకసారి చూసి, అతనితో అన్నారు.

“తాగుడు కోసం పెళ్ళాన్ని వదిలినవాళ్ళను చూశాను కోటిలింగం. మిరపకాయ కోసం వదలబోయినవాణ్ణి మాత్రం నిన్నే చూడటం.”