వకుళ చేతుల్లో రెండు గ్లాసులు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మనం ఉంటున్న ఈ ఊళ్ళో మీకు చెప్పేవాళ్ళూ లేరు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

వకుళ అని ఒకమ్మాయి ఉండేది. ఇస్మాయిల్ సార్ అనే పెద్దాయన ప్రయోగశాలలో పరిశోధన సహాయకురాలు. పాలు తాగి పెరిగే జీవాల్లో మెదడు ఎలా రూపు కడుతుందో తెలుసుకోవడం అక్కడి పని. అందుకోసం ఎలుకలను పెంచేవారు. పుట్టిన పిల్లలు కళ్ళు తెరిచేదాకా బతికితేనే వకుళ పని ముందుకు సాగుతుంది.

అవి బతకడం లేదు. రెండుసార్లు ఈనిన పిల్లల్ని తల్లులే తినేశాయి. ఇది మూడో ఈత. ఇదీ పోతే వకుళ ఉద్యోగం ఇక పొడిగించరు.

ఆమె ఒళ్ళు దాచుకునే మనిషి కాదు. పెట్టె మూత తీసి, పిల్లల పొట్టల్లో పాలు తెల్లగా కనిపిస్తున్నాయా అని చూసేది. మూత పెట్టి తన బల్ల దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసేది. కింద పరిచిన పొట్టు తడిసిందేమోనని మార్చేది. చలేస్తుందేమోనని పిల్లల మీద కాగితం ముక్కలు కప్పేది. కళ్ళు పీక్కుపోయాయి. తిన్నది ఒంటికి పట్టడం లేదు.

ఒక ఉదయం సార్ ఎదుట కుర్చీలో కూలబడింది.

"ఇంకా ఏం చెయ్యమంటారు సార్? నాకంటే జాగ్రత్తగా ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరమ్మా," అన్నాడాయన.

లేచి వెళ్ళి రెండు టీలు తెచ్చాడు. ఎలుకల గది తలుపు మూసి, వరండాలో రెండు కుర్చీలు వేయించాడు. తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు.

వకుళ కూర్చోలేదు. "ఒక్కసారి చూసొస్తాను సార్. పాలు తాగాయో లేదో."

"వెళ్దువుగాని. ఇది పట్టుకో." ఆమె కుడిచేతిలో ఒక గ్లాసు పెట్టాడు. "ఇదీ." ఎడమచేతిలో తన గ్లాసు పెట్టాడు. రెండూ అంచుదాకా ఉన్నాయి.

"మీ టీ నాకెందుకు సార్?"

"కళ్ళజోడు తుడుచుకోవాలి."

తుడుస్తూనే ఉన్నాడు.

"అద్దాలు అరిగిపోతాయి సార్."

"అరగనీ."

నిలబడే ఓపిక లేక వకుళ కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది. ఎన్నాళ్ళుగానో బిగుసుకుపోయి ఉన్న భుజాలు కిందికి జారాయి.

అప్పుడు లోపల్నుంచి సన్నగా చప్పుడైంది. కాగితం కొరుకుతున్న చప్పుడు. ఆగి, మళ్ళీ మొదలైంది. తల్లి గూడు కట్టుకుంటోంది. ఈనిన నాటి నుంచి అది ఆ పని చేయనే లేదు. మూత తీసినప్పుడల్లా బెదిరి, వకుళ కప్పిన ముక్కల్ని కాళ్ళతో పక్కకి తోసేసేది.

"సార్, అది..." అంటూ వకుళ లేవబోయింది.

"టీ ఒలుకుతుంది," అన్నాడాయన మెల్లగా.

కాసేపటికి కళ్ళజోడు పెట్టుకుని తన గ్లాసు అందుకున్నాడు. "ఇప్పుడు వెళ్ళి చూసిరా."

వకుళ తలుపు వంక చూసింది.

"రేపు చూస్తాను సార్," అని చల్లారిన టీ తాగింది.

ఈ కథ మీ దగ్గర ఆగిపోకూడదు పిల్లలూ. పసివాళ్ళని సాకుతూ అలసిపోయినవాళ్ళు ఎవరైనా కనిపిస్తే, పక్కన కూర్చుని వాళ్ళకి చెప్పండి.