కెప్టెన్‌గారి గొయ్యి

సముద్రాలు దాటి పరాయిదేశంలో యుద్ధానికొచ్చిన అమెరికా దళం ఒకటి కొండవాలున మకాం వేసింది. అవతలి కొండ మీంచి శత్రువుల ఫిరంగిగుండ్లు రోజూ పడేవి. అందుకని సిపాయిలు డబ్బాల్లోని చల్లటి చిక్కుళ్ళు తినడం, తడిసిన మేజోళ్ళు పిండుకోవడం, నిద్రపోవడం అన్నీ తవ్వుకున్న గోతుల్లోనే.

కొత్తగా వచ్చిన కెప్టెన్ ప్రూయిట్‌కి ఇది నచ్చలేదు. "లోతు గోతిలో మనిషి పిరికివాడైపోతాడు. ధైర్యమున్న సిపాయికి మోకాలి లోతు చాలు. సాయంత్రానికల్లా మిగతాది పూడ్చెయ్యండి," అన్నాడు. తన గొయ్యి తవ్వే పని వెండెల్ అనే సిపాయికి అప్పగించాడు. వెండెల్ సొంత ఊళ్ళో బావులు తవ్వి బతికినవాడు.

మర్నాడు పొద్దున్నే ఒక గుండు దగ్గర్లో పేలింది. కెప్టెన్ పరిగెత్తుకొచ్చి తన గోతిలోకి దూకాడు. బూట్ల వరకే దిగాడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు బోర్లా పడుకుని.

పక్క గోతిలోంచి వెండెల్ వినయంగా చెప్పాడు. "సిపాయి ధైర్యానికి మోకాలి లోతు చాలన్నారు కదా సార్. మీ ధైర్యం మాకంటే పెద్దది. అందుకని మీకు చీలమండ లోతే తవ్వాను."

రెండో గుండు ఇంకా దగ్గరగా పడింది.

కెప్టెన్ నోట్లోని మట్టి ఉమ్మేసి, "అందరూ మెడలోతు తవ్వుకోండి," అన్నాడు.

"మరి మీకు సార్?"

"నేను నిలబడితే టోపీ కూడా కనబడకూడదు."

"అంత లోతంటే బావే సార్," అంటూ వెండెల్ పార అందుకున్నాడు. "అది నాకు అలవాటైన పనే."